ఖండ్‌మా తొట్టి

ఆ ఏడు మంచు పడలేదు. పడితే గొర్రెలు మేస్తూ మంచునే తింటాయి, నీళ్ల బాధ ఉండదు. పడకపోతే మందంతా బావి మీద బతకాలి. తోడిన నీళ్లు తొట్టిలో పోస్తే వెనకున్న గొర్రెలు ముందుకొచ్చేలోపు గడ్డకట్టేవి. తాగని గొర్రెలు మేత మానేశాయి.

ఖండ్‌మా భర్త పోయాక మందను తనే చూసుకుంటోంది. మరిది గోంబో కొండ అవతలి నుంచి వచ్చి, గుర్రం దిగకుండానే మాట్లాడాడు.

"మందను నా దాంట్లో కలిపెయ్, వదినా. అమ్మనీ నిన్నూ నేను చూసుకుంటా."

"కలిపాక ఏ గొర్రె ఎవరిదో చెప్పేదెవరు? నువ్వేగా?"

"నామీద అంత అనుమానమా?"

"అనుమానమేముంది? నీ సంగతి తెలుసు. దిగి టీ తాగు, లేదా వెళ్లు."

అతను వెళ్లాడు. ఆమె, భర్త నడిపిన పాత లారీకి ముందున్న అద్దం ఊడదీసింది. రేకు తొట్టిని సగం నేలలో దించి, మూడు వైపులా దొడ్లో గట్టిపడిన పెంటను పలకలుగా కోసి పేర్చింది. మిగిలిన దక్షిణం వైపు రేకుకు మసి పూసి, దాని ముందు అద్దం నిలిపింది. పైన చెక్కలు వేసి, మూతులు పట్టేంత సందు వదిలింది. రాత్రి అద్దానికి కంబళి కప్పి, పొద్దున తీసేది. నీళ్లు నిలిచాయి. గొర్రెలన్నీ తాగాయి.

ఒకరోజు మేత తేవడానికి వెళ్లి, మర్నాడు మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. తొట్టి గడ్డకట్టి ఉంది. గోంబో దొడ్డి తలుపు దగ్గర గుర్రం మీద ఉన్నాడు.

"చూశావా నీ లారీ తెలివి? తలుపు తియ్, తోలుకుపోతా."

అత్తగారు బయటికొచ్చింది. "గాలి ఎక్కువుందని ఇంకో కంబళి కూడా కప్పానే. అయినా గడ్డకట్టింది."

"పొద్దున తియ్యలేదా?"

"ఇంత చలిలో ఎలా తీస్తాను?"

"మనం కప్పుకుంటే ఒంటి వేడి ఆగుతుంది అత్తయ్యా. దానికి ఒళ్లెక్కడుంది? పగలు ఎండ తగలాలి."

ఖండ్‌మా దొడ్డి తలుపుకు అడ్డంగా నిలబడింది. "పొద్దుగూకేదాకా ఆగు. అప్పటికీ గడ్డే ఉంటే నేనే తెరుస్తా."

"మాట మీదుంటావా?"

"నీలా కాదు."

గడ్డపలుగుతో తొట్టిలోని మంచుగడ్డను పగలగొట్టి తీసేసింది. కంబళ్లు లాగేసి, బావి నీళ్లు పోసింది. ఎండ అద్దం మీద పడింది. గోంబో జీను మీద కూర్చుని చూశాడు. పొద్దు వాలేసరికి అంచున మాత్రం పలచని పొర కట్టింది. మంద ముందు నడిచే మేక దాన్ని మూతితో పగలగొట్టి తాగింది. గొర్రెలు వరసగా వచ్చాయి. చివరి గొర్రె కూడా తాగింది.

"ఇవాళంటే ఎండ ఉంది. మబ్బు పడితే?"

"పలుగు ఉంది. నీ గుమ్మానికి మాత్రం రాను."

రెండు రోజులకు గోంబో మంద కొండ దాటి వచ్చింది. అతని తొట్టి నిలువునా గడ్డకట్టింది. దాహంతో వచ్చిన మందను కాదనడం మా కాపరుల్లో లేదు, ఖండ్‌మా కాదనలేదు. తన గొర్రెలన్నీ తాగేదాకా అతన్ని వెనక నిలబెట్టింది.

"ఇంకెంతసేపు, వదినా?"

"నీళ్లు నువ్వే తోడుకో. చేద అక్కడుంది. ఈసారి గుర్రం దిగు."