నూనె పోసిన కొద్దీ

మా ఊరు పూలీ. పేరు చూసి పులులుంటాయనుకోకండి, ఉన్నవల్లా ఊలింగ్ కనుమ ఎక్కి వచ్చి పులిసిపోయిన కాళ్లే. తైవాన్‌లో ఎవరెంత సైకిలు తొక్కినా, ఆ యాభై అయిదు కిలోమీటర్ల ఎత్తు ఒక్కసారైనా ఎక్కకపోతే వాళ్లు తొక్కింది తొక్కుడు కాదు.

మా సైకిలు సంఘానికి పన్నెండేళ్లుగా కెప్టెన్ యో అన్న. ఆ పదవికి ఓట్లు లేవు, ఉన్నవి మెట్టలే. ఏటా అందరం ఊలింగ్ ఎక్కుతాం. సగం దారిలో ఉన్న ఛింగ్‌జింగ్‌లో టిఫిను అయ్యాక శిఖరం దాకా కెప్టెన్ కాలు నేలకు దిగకూడదు. కాలు దిగితే పదవీ దిగుతుంది. కాలు మోపకుండా వెనక వస్తున్న వాళ్లలో ముందున్నవాళ్లకు ఆ పదవి.

ఇక్కడ కొండెక్కేవాడు కనబడితే చాలు, జనం "జాయో!" అని అరుస్తారు. ముక్కకు ముక్క చెప్పుకుంటే "నూనె పొయ్యి" అని. భావం మాత్రం "కానియ్, తొక్కు!" అని. మామూలు మనిషి విని ఊరుకుంటాడు. మా అన్న మర్యాదస్థుడు. సంఘం పుస్తకంలో మొదటి నియమం ఆయన చేతిరాతే: "ఎవరు జాయో అన్నా బదులు చెప్పాలి. మనకు పొగరని పేరు రాకూడదు."

ఈ ఏడు ఛింగ్‌జింగ్‌లో టీలో ఉడికించిన గుడ్లు తింటుండగా రువాన్ అక్క మొదలుపెట్టింది. అక్క టోఫూ, అదే సోయాపాల జున్ను, చేసి అమ్ముతుంది. అన్నకంటే మూడేళ్లు పెద్ద.

"తమ్ముడూ, ఇవాళ సెలవు. బస్సులన్నీ పైకే. గొంతుకు కూడా గేర్లు పెట్టించుకున్నావా?"

"నా గొంతు సంగతి నాకొదిలెయ్, అక్కా. నీ టోఫూ కాళ్లు చూసుకో."

"టోఫూ మెత్తనే. నొక్కీ నొక్కీ చేస్తే గానీ అవదు."

అంటూ లేచి వెనక్కి తిరిగింది. వీపు మీద అట్టముక్క: "ధన్యవాదాలు! మీకూ జాయో!"

అన్నకు గుడ్డు గొంతులో అడ్డుపడింది. "ఇదేంటి? నియమం?"

"బదులు చెప్పమన్నావు. నోటితోనే చెప్పమని రాశావా?"

రాయలేదు.

బయలుదేరాం. అన్న ముందు, అక్క యాభై గజాలు వెనక, వాళ్లిద్దరి మధ్యలో, మొదటి మలుపులోనే కాలు దించేసి పోటీలో లేకుండా పోయిన నేను, చాడీలకు. మొదటి కిలోమీటర్లలో అన్న బదులు నిండుగా ఉండేది: "చాలా సంతోషం, మీకూ జాయో!" ఎత్తు పెరిగి గాలి పలచబడ్డాక "మీకూ జాయో" అయింది. కున్‌యాంగ్ మలుపు దగ్గర "కూజా". అది దాటాక ఒట్టి "జా". ఇంత నూనె పోస్తే ఏ దీపమైనా కొండెక్కుతుంది. మా అన్న కొండ ఎక్కకుండానే ఆరిపోయేలా ఉన్నాడు.

శిఖరం కిలోమీటరు దూరంలో ఉంది. కార్లు బారులు తీరి నత్తనడక నడుస్తున్నాయి. ఒక కారు సరిగ్గా అన్న వేగానికే సర్దుకుంది. కిటికీలోంచి ఒక మామ్మ తల పెట్టి, "జాయో, నాయనా! ఎక్కడినుంచి వస్తున్నావ్?" అంది.

జాయోకి "జా" చాలు. ప్రశ్నకు ఊరిపేరు కావాలి. అన్న ఊపిరి పోగేసి "పూ..." అన్నాడు.

"పువ్వా? ఏ పువ్వు, నాయనా?"

"లీ" కోసం ఇంకో ఊపిరి కావాలి. అది తీసుకునేలోపు చక్రం ఆగింది. ఎడమకాలు తారు మీద దిగింది.

"లీ!" అన్నాడు అన్న, నిలబడి, చాలా స్పష్టంగా.

"పూలీయా! మా చెల్లెలు అక్కడే!" అని మామ్మ సంతోషంగా వెళ్లిపోయింది.

అక్క వచ్చింది. కాలు దించలేదు. ఆ నిటారు రోడ్డు మీదే అన్న చుట్టూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

"దిగావా, తమ్ముడూ?"

"మర్యాద కోసం దిగాను, అక్కా!"

"దేనికోసమైతేనేం, దిగావా లేదా?"

"...దిగాను. ఇకనుంచి నువ్వే కెప్టెన్‌వి." పన్నెండేళ్ల దొరతనం, మూడు మాటల్లో సరి. అన్న ముఖం చెమటకు తడిసిందో, ఇంకెందుకు తడిసిందో నేను చూడదలచుకోలేదు.

"నియమం తీసేస్తావా?" అని అడిగాడు, గొంతు తగ్గించి.

"ఎందుకు తీస్తాను? మంచి నియమం." అక్క ఇంకో చుట్టు తిరిగింది. "కాకపోతే ముప్పైమందీ ఊపిరి పాడుచేసుకోవడం దండగ. అందరి తరఫునా బదులు చెప్పేందుకు ఒక్కడు చాలు. నువ్వే ఉపకెప్టెన్‌వి. సైకిలెక్కు."

అన్న ముఖం వెలిగింది. పదవి పదవే కదా! చటుక్కున సైకిలెక్కాడు.

అప్పుడే కింది మలుపు తిరిగి విహారయాత్రకు బయలుదేరిన బడిపిల్లల బస్సు వచ్చింది. నలభై కిటికీలు. అన్నీ తెరిచే ఉన్నాయి.