చిరుత కాదని తేలాక

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇందుకూరుపేటలో 'సమాధానం' అని నా పేరు మీదే ఉన్న రొయ్యల మేత దుకాణం, మాట తప్పని కొందరు రొయ్యల గుంటల రైతులు, ఒక పాత కెమెరా. పొద్దున్నే సరుకు దింపించి, గట్ల వెంట తిరిగి పక్షుల ఫోటోలు తీసేవాడిని. వాటిని మా జంతుప్రేమికుల ఫేస్‌బుక్ గ్రూపుకు పంపేవాడిని. ఆ గ్రూపు నడిపేది రెజీనా టీచరు. జంతువు పేరు, తిండి, నడవడి సరిచూడకుండా ఆమె ఒక్క ఫోటో కూడా బయటికి వదలదు. కల్తీ లేని సరుకు ఎక్కడైనా చెల్లుతుందని నా నమ్మకం.

ఈ వేసవి మొదట్లో, నా దగ్గర మేత కొనే పెంచలకృష్ణ గుంట వెనక జమ్ము గడ్డిలో చుక్కల జంతువు కనబడిందని ఊరంతా పాకింది. చిరుతపులి అన్నారు. ఎవరో మసక ఫోటో ఒకటి వాట్సాప్‌లో తిప్పారు. గుంటకు కాపలా మనిషి దొరకలేదు. జమ్ము కోసేవాళ్ళు కూడా అటు పోవడం మానేశారు.

నేను దూరం నుంచే లెన్సు బిగించి చూశాను. నీటిపిల్లి. వెనకాల రెండు కూనలు. ఫోటో తీసి టీచరుకు పంపితే వెంటనే ఫోన్ చేసింది.

"అన్నా, ఈ పొద్దే పెట్టేస్తా. జనం ఊరికే బెదిరి చస్తుండారు."

"తొందరేముందమ్మా? కూనలు పెద్దయ్యిందాకా చిరుతే అనుకోనీ. ఆ భయమే వాటికి కాపలా."

"మేత మూటలతో పాటు భయం కూడా అమ్ముతావా ఏంది? పిలకాయలు బడికి రావడంలా. తెలిసీ అబద్ధాన్ని ఎట్టా వదిలేది?"



ఇది చిరుత కాదు, నీటిపిల్లి, మనుషుల జోలికి రాదు, చేపలు, పీతలు, ఎలుకలు తింటుంది, చంపితే జైలు అని టీచరు గ్రూపులో రాసింది. ఒక్క తప్పు లేదు. సాయంత్రానికి జిల్లా అంతా తిరిగింది. మర్నాడు పిల్లలు బడికి పోయారు.

పెంచలకృష్ణ నవ్వుతూ దుకాణానికి వచ్చాడు. "బతికించినావు సమాధానం అన్నా. పులని ఆ దిక్కుకే పోలా నేను. ఉత్త పిల్లంట గదా."

"పిల్లే. తాకితే కేసని కూడా రాసుండాది, చూసినావా?"

"దాన్ని నేనెందుకు తాకతా? నా గట్టు నేను శుభ్రం చేసుకుంటే కేసేంది? చేపలు తినేది రొయ్యల్ని వదులుతాదా?"

"కూనలుండాయి. నెల్లాళ్ళు ఆగు."

"ఆగతా. ఈలోపల పోయే రొయ్యలకు నువ్వు పూచీ ఉంటావా?"

ఉంటానని నేను అనలేదు. మూటలు బండికెత్తించుకుని పోయాడు.

టీచరుకు చెబితే ఆమె అటవీశాఖకు ఫోన్ చేసింది. మనిషిని పంపుతామన్నారు. ఆ మనిషి వచ్చేసరికి జమ్ము కాలిపోయి మొదళ్ళు పొగలు కక్కుతున్నాయి. బూడిదలో కూనలు రెండూ చచ్చి దొరికాయి. ఫోటో తీసి టీచరుకు పంపాను. నిప్పు ఎవరు పెట్టారో చూసినవాళ్ళు లేరు. తల్లి కొన్నాళ్ళు గట్టు మీద తిరిగి, తర్వాత కనబడలేదు.

"ఈ ఫోటో కూడా పెట్టాల గదన్నా," అంది టీచరు.  పెట్టింది. దాన్ని ఎవరూ పెద్దగా పంచుకోలేదు.

లెక్క చూస్తే ఊరికి భయం పోయింది, పిల్లలకు బడి దక్కింది. గట్టిగా అడ్డుపడలేదు కనుక పెంచలకృష్ణ బేరం నా దగ్గరే నిలిచింది. నీటిపిల్లి వంతుకు వచ్చింది దాని సరైన పేరు.