బండి లేని ఇంటి ముందు

పొద్దున్నే కంప్రెసర్ మోత వినకపోతే స్టెప్నీకి రోజు మొదలైనట్టే ఉండదు. ముందు దాన్ని ఆన్ చేస్తాడు, గాలి నిండేలోపు మొహం కడుక్కుంటాడు, జాకీలకి నూనె పెడతాడు, పానాలు సైజు వారీగా వ్యాను గోడకి తగిలిస్తాడు. ఈలోగా భార్య జడ బిగించుకుని, టీ గ్లాసుతో వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంటుంది. ఆవిడ చాలా ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. ఆయనకేమో స్టీరింగు పట్టుకోవడం కూడా రాదు. ఎలాంటి టైరునైనా విప్పి బిగించగలడు గానీ దాన్ని దొర్లించడం మాత్రం ఆవిడ పని.

స్టెప్నీ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. టైర్ల షాపులో పనిచేసినన్నాళ్ళూ ఎవడు సెలవు పెడితే వాడి స్థానంలోకి స్పేరు టైరులా ఆయన్ని దింపేవాళ్ళు. షాపు మానేసినా ఆ పేరు ఆయన్ని మానలేదు. ఎప్పటికైనా తన పని తనదిగా చేసుకోవాలన్నది ఒక్కటే ఆయన కోరిక. ఇంత పెద్ద నగరాన్ని ఏదో కంపెనీ జోన్లుగా కోసి అమ్ముతోందని తెలిసి, ఉన్నదంతా ఊడ్చిపెట్టి, ఇల్లు కూడా తాకట్టు పెట్టి ఒక జోను కొన్నాడు. బండి, సామాను, కంపెనీ పేరు, ఫోనుకి వచ్చే బుకింగులు అన్నీ దాంతోనే వస్తాయి. కస్టమరు షాపుకి రానక్కర్లేదు, బండే వాళ్ళ గుమ్మం ముందుకెళ్ళి టైరు మార్చి వస్తుంది.

ఆ జోను అంతకుముందు ఒక ముసలాయనది. తాళాలు ఇస్తూ చెప్పాడు.

"చూడబ్బాయ్, ఈ బండి కాస్త ముందు నడుస్తుంది. బుకింగు లేకపోయినా, టైరు పోకముందే తనంతట తానే వెళ్ళి ఆగుతుంది. ఎంత ముందుగా ఆగితే అంత పెద్ద గండమని లెక్క."

"మంచిదే కదా బాబాయ్?"

"మంచిదే," అని ఆయన చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

కంపెనీ ఆఫీసులో అడిగితే గుమాస్తా తలెత్తకుండా "కొన్ని బండ్లంతేనండీ" అన్నాడు. దాంతో ఆ సంగతి అక్కడికి తేలిపోయింది.

మొదట్లో హాయిగానే ఉండేది. బండి ఓ కారు పక్కన ఆగేది. స్టెప్నీ దిగి జాకీ సర్దుకునేసరికి ఆ కారు టైరు బుస్సుమనేది. ఓసారి పాలవ్యాను దగ్గర సగం పూట ముందే ఆగింది. చూస్తే టైరు లోపలివైపు ఉబ్బి ఉంది. మార్చి పంపించాడు, పాలాయన దండం పెట్టినంత పని చేశాడు. తర్వాత ఒక బస్సు దగ్గర ఆగింది. ఆ డ్రైవరు నవ్వి, "టైర్లు అమ్ముకోడానికి ఇదొక ఎత్తా?" అని వెళ్ళిపోయాడు. రెండు రోజుల తర్వాత ఆ బస్సు గురించి నగరమంతా చెప్పుకుంది. స్టెప్నీ ఆ పూట అన్నం ముట్టలేదు.

అప్పటినుంచి కాదన్నవాళ్ళు లేరు. పని పెరిగింది, పలకరింపులు తగ్గాయి. బండి నెమ్మదిస్తే చాలు, కొట్లవాళ్ళు బయటికొచ్చి "ముందుకెళ్ళండి, ముందుకెళ్ళండి" అని చేతులూపేవాళ్ళు. ఇంటి కింద పెట్టుకుంటే పక్కవాటాల వాళ్ళు తమ స్కూటర్లు పక్కవీధికి మార్చుకున్నారు. ఎదురింటావిడ మెట్ల మీద కనిపిస్తే గోడకి అతుక్కుపోయి దారిచ్చేది. స్టెప్నీకి అది చాలా బాధగా ఉండేది. నలుగురికీ మేలే చేస్తున్నాడాయె.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున బండి వెళ్ళి ఓ ఇరుకు సందులో, పచ్చరంగు తలుపున్న ఇంటి ముందు ఆగింది. లోపల్నించి బనీనుతో ఒకతను వచ్చాడు.

"అన్నా, మాకు బండే లేదు. కనీసం సైకిలు కూడా లేదు."

స్టెప్నీ సందంతా వెతికాడు. చక్రమున్నది ఒక్కటీ కనిపించలేదు. మర్నాడు బండి మళ్ళీ అక్కడే ఆగింది. ఆ మర్నాడూ అంతే. అతను ఓ పెద్ద భవనంలో లిఫ్టు నడిపేవాడట. ఎవరి మీట వాళ్ళే నొక్కుకునే లిఫ్టులొచ్చి ఇతన్ని ఇంటికి పంపేశాయి. భార్య లేదు, చిన్న కూతురుంది. ఆ పిల్ల గాలి గొట్టం పట్టుకుని మొహం మీద ఊదుకుంటూ కిలకిలా నవ్వేది. అందరూ చీదరించుకునే బండికి ఆ ఒక్క గుమ్మంలోనే మర్యాద దొరికింది. లిఫ్టాయన టీ ఇచ్చేవాడు, నట్లు విప్పడం నేర్చుకునేవాడు.

ఒకరోజు తనే అడిగాడు. "అన్నా, బండి నాకిచ్చేయ్. ఇన్నేళ్ళూ పైకీ కిందకీ తిరిగాను. ఒక్కసారి అడ్డంగా తిరగాలనుంది. నడపడం ఎప్పుడో నేర్చుకున్నాలే. పాపని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఊరంతా చూపిస్తా. మా బావ డబ్బు సాయం చేస్తానన్నాడు."

స్టెప్నీకి నెత్తిమీది బరువు ఎవరో దించినట్టయింది. ఇంకొకరికి రాసిస్తే తప్ప కంపెనీ వదలదు, మధ్యలో ఆపేస్తే ఇల్లు పోతుంది. పాత షాపు ఓనరేమో మేస్త్రీగా రమ్మని కబురు మీద కబురు పెడుతున్నాడు. తిరుగుదారిలో ఆయన చాలాకాలం తర్వాత ఈల వేశాడు. భార్య మాత్రం అద్దంలో వెనక్కి చూస్తూ నడిపింది. ఇల్లు చేరాక, ఇంజను ఆపి, అలాగే కూర్చుని అడిగింది.

"ఏమండీ, వాళ్ళింట్లో బండి లేదు కదా?"

"లేదు."

"మరి రేపు ఉండబోయే బండి ఏది?"

ఆయన ఈల ఆగిపోయింది. పచ్చతలుపు ముందు బండి ఎన్నాళ్ళనుంచి ఆగుతోందో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఇంత ముందుగా అది ఎక్కడా ఆగలేదు.

వెంటనే దిగి తన బండికే నాలుగు కొత్త టైర్లు తొడిగాడు. ఒక్కో నట్టూ రెండేసిసార్లు బిగించాడు. మర్నాడు బండి, కొత్త రబ్బరు వాసనతో, పచ్చతలుపు ముందే ఆగింది. పాప పరిగెత్తుకొచ్చి ముందు సీటెక్కి కూర్చుంది.

"కాగితాల మీద ఎల్లుండే సంతకాలు," అన్నాడు లిఫ్టాయన. అతని మొహం వెలిగిపోతోంది.

స్టెప్నీ ఆ రెండు రోజులూ తనతో తాను పోట్లాడాడు. బండి గురించి లిఫ్టాయనకి తెలియనిదేముంది, ఊరందరికీ తెలుసు. తెలిసే అడుగుతున్నాడు. కావాలంటే తను కూడా ముసలాయనలాగే ఓ మాట చెప్పేసి చేతులు తుడుచుకోవచ్చు. షాపుకెళ్ళి మేస్త్రీగా కుర్చీలో కూర్చోవచ్చు. ఈ చివరి మాట దగ్గర ఆయనకి నిజంగానే ఆశ పుట్టింది, పుట్టినందుకు సిగ్గేసింది.

సంతకాల రోజున బండి తీయకుండా నడిచి వెళ్ళాడు. గుమ్మంలోనే నిలబడి, బండి ఇన్నాళ్ళూ అక్కడ ఎందుకాగుతోందో ఉన్నదున్నట్టు చెప్పాడు.

లిఫ్టాయన నవ్వేశాడు. "టైర్లు బాగానే ఉన్నాయి కదన్నా. జాగ్రత్తగా నడుపుతాలే. ఇవ్వడం నీకిష్టం లేకపోతే లేదని చెప్పు, ఈ పిట్టకథలెందుకు?"

నిజం చెప్తే వినడని స్టెప్నీకి అర్థమైంది. అబద్ధమైతే వింటాడు.

"ఇంకొకడు ఎక్కువిస్తానన్నాడు తమ్ముడూ. వాడికిచ్చేస్తున్నా."

లిఫ్టాయన నవ్వు ఆపేశాడు. "సొంత అన్నవనుకున్నాను," అని పాపని లోపలికి లాక్కుని తలుపేసుకున్నాడు. స్టెప్నీ ఆ తలుపు ముందు కాసేపు నిలబడి, కళ్ళు తుడుచుకుని, నడిచి వెళ్ళాడు. అంత మంచి పని చేసి అంత నీచంగా ఆయనకెప్పుడూ అనిపించలేదు.

మర్నాడు పొద్దున ఇద్దరూ మాట్లాడుకోకుండా బయల్దేరారు. సందు మొదట్లో బండి కొంచెం నెమ్మదించింది. స్టెప్నీ డాష్‌బోర్డు పట్టుకున్నాడు. పచ్చతలుపు వచ్చింది, పక్కనుంచి జరిగింది, అద్దంలో చిన్నదైపోయింది. బండి ఆగలేదు.

"గండం గడిచింది," అన్నాడు స్టెప్నీ.

స్టీరింగు మీద భార్య చేతులున్నాయి గానీ తిప్పుతున్నది ఆవిడ కాదు. కూరగాయల మార్కెట్టు దాటారు, వంతెనెక్కారు, దిగారు. తర్వాత ప్రతి మలుపూ తెలిసినదే వచ్చింది. చివరికి బండి తన దారిన తాను వెళ్ళి, వాళ్ళ ఇంటి మెట్ల ముందు ఆగింది. పైన ఎదురింటావిడ కిటికీ తలుపు వేసుకుంది.

ఇద్దరూ దిగి బండి వంక చూస్తూ నిలబడ్డారు. వాళ్ళింట్లో ఉన్న బండి అదొక్కటే.

"ఎన్ని రోజుల ముందంటారు?" అంది ఆవిడ.

"తెలీదు." ఆయన ఆవిడ చేతిలోంచి తాళం తీసుకున్నాడు. "నాకు నడపడం నేర్పు. ఇకనుంచి నేనొక్కడినే వెళ్తాను."

"ఇన్నేళ్ళు రానిది ఇప్పుడొస్తుందా మీకు? ఇటివ్వండి."

"ఇవ్వను."

ఫోను మోగింది. ఎక్కడో ఆసుపత్రి గేటు దగ్గర కారు నిలిచిపోయిందట, లోపల పిల్లలున్నారట. ఆవిడ అడ్రసు తిరిగి చెప్పించుకుని, "వస్తున్నామండీ" అంది. ఫోను పెట్టేసి చెయ్యి చాపింది. తాళం ఇవ్వక ఆయనకి తప్పలేదు.

స్టెప్నీ ఎక్కి కూర్చున్నాడు. ఆవిడ ఆయన మీదుగా వంగి, సీటు బెల్టు తనే లాగి పెట్టి, బండి స్టార్ట్ చేసింది.