చావుకు చెప్పిన అబద్ధం

అరబా కూతుర్ని ఊళ్ళో అందరూ దోన్కో అనేవారు. బానిసల ఓడలు వచ్చి ఆగే ఆ తీరంలో ఆ మాటకు ఉత్తరాది నుంచి తెచ్చిన బానిస అని అర్థం. ఆ పేరు పెట్టింది కన్నతల్లే.

అంతకు ముందు అరబాకు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు. మొదటివాడు పేరైనా పెట్టకముందే పోయాడు. ఆడపిల్ల పాకే వయసులో పోయింది. తరవాతివాడు అప్పుడప్పుడే మాటలొచ్చి, కొంగు పట్టుకుని వెంట తిరిగే రోజుల్లో పోయాడు. ఇవన్నీ వేరువేరు బిడ్డలు కాదని, ఒకే బిడ్డ మళ్ళీ మళ్ళీ వచ్చి పోతోందని ఊళ్ళో పెద్దాడవాళ్ళు తేల్చారు. అవతలి లోకంలో ఆ బిడ్డకు ఇంకో తల్లి ఉంది. ఇక్కడ ఎంత ముద్దు చేస్తే ఆవిడకంత కడుపుమంట. చావును పంపి బిడ్డను వెనక్కి పిలిపించుకుంటుంది.

అందుకని ఈసారి పుట్టిన పిల్లను బొడ్డు కోసిన వెంటనే ఊరి చివర చెత్తకుప్ప మీద పెట్టారు. పొరుగింటి ముసలమ్మ ఏమీ తెలియనట్టు అటుగా వచ్చి, "ఎవరో పారేసిన పిల్ల! ఎవరికన్నా కావాలా?" అని అరిచింది. ఎవరూ పలకలేదు. ముసలమ్మ పిల్లను తెచ్చి అరబా గుమ్మంలో పడేసి పోయింది. కొన్నాళ్ళకు చెంపల మీద బానిసలకుండే గాట్లు పెట్టించారు. జుట్టు కత్తిరించకుండా జడలు కట్టనిచ్చి గవ్వలు గుచ్చారు. పిల్ల పెద్దమనిషి అయ్యేదాకా చావు దాన్ని చూసి, ఇది ఎవరికీ అక్కర్లేని వస్తువు అనుకోవాలి. అంతే.

ఊళ్ళో అలాంటి పిల్లలు ఇంకొందరున్నారు. వాళ్ళ తల్లులు పేరు పెట్టి, గాట్లు పెట్టించి ఊరుకున్నారు. అరబాకు అంత ధైర్యం లేదు. చావు కళ్ళతో చూసి మోసపోతే సరిపోతుందా, నోటితో అడిగితేనో అని ఆమె భయం. అది ఏ బాటసారి రూపంలోనైనా వచ్చి పిల్లను అడగొచ్చు. అందుకని దోన్కోకు మాటలొచ్చినప్పటి నుంచీ సమాధానాలు నేర్పింది.

పొద్దున్నే మట్టిపొయ్యిల మీద చేపలు పరిచి పొగబెడుతూ అడిగేది.

"ఎవరే నువ్వు?"

"దోన్కోని."

"ఎక్కడి నుంచొచ్చావ్?"

"చెత్తకుప్ప మీద దొరికా."

"నీకెవరున్నారు?"

"ఎవరూ లేరు."

"నేను నీకేమవుతాను?"

"ఏమీ కావు."

అన్నీ సరిగ్గా చెబితే వేడివేడి చేపముక్క తుంచి, ముల్లు తీసి నోట్లో పెట్టేది. పిల్లకు అదొక ఆట. అరబా కొన్నిసార్లు ఆటను కష్టం చేసేది. మొహం చేతుల్లో దాచుకుని దొంగ ఏడుపు ఏడుస్తూ, "నేను మీ అమ్మనే, ఒక్కసారి అమ్మా అనవే" అని బతిమాలేది. దోన్కో పెదాలు బిగబట్టి, నవ్వు ఆపుకుంటూ తల అడ్డంగా ఊపేది. "నువ్వెవరో నాకు తెలీదుగా!" ఆ రోజు తోక దగ్గరి మెత్తని ముక్క దొరికేది.

అరబా చెల్లెలు అజువాకు ఇదంతా నచ్చేది కాదు. "చావు కంటే నువ్వే దాన్ని ఎక్కువ చంపుతున్నావే అక్కా" అనేది.

"నీకేం తల్లీ, నీ పిల్లలు దుంపల్లా పాతుకుపోయారు. నీ నోరు ఎన్నయినా అంటుంది."

ఒక్కసారి మాత్రం పిల్ల సమాధానం తప్పింది. ఉప్పు కొనడానికొచ్చిన పొరుగూరి మనిషి గడ్డం పట్టుకుని ఎవరమ్మాయివే అంటే, మురిపెంగా "అరబా మా అమ్మ" అనేసింది. మర్నాటికి జ్వరం. కళ్ళు పైకి తేలిపోయాయి. వారం పైగా అరబా దాని పక్కన నేల మీదే కూర్చుంది. జ్వరం దిగి, పిల్ల లేచి గంజి తాగాక, చెంప ఛెళ్ళుమనిపించింది. ఎన్నడూ కొట్టని చెయ్యి. దోన్కో ఏడవలేదు. గిన్నె కింద పెట్టి, "ఇంకెప్పుడూ చెప్పను" అంది.

ఆ మాట మీదే నిలబడింది.

ఎడారి గాలి దుమ్ము మోసుకొచ్చే రోజుల్లో ఊరి ఆడపిల్లలు ఉప్పు తేవడానికి ఉప్పుకయ్యకు వెళ్ళారు. అదే దారిన లోపలి దేశం నుంచి వ్యాపారుల గుంపు ఒకటి బానిసల్ని తాళ్ళకు కట్టి రేవుపట్నానికి తోలుకుపోతోంది. అంతకు ముందురోజే అందులోంచి ఒక పిల్ల తప్పించుకుంది. కాపలావాళ్ళు ఉప్పుకయ్య దగ్గర పిల్లల్ని చూశారు. ఒకదాని చెంపల మీద గాట్లు కనబడ్డాయి. పేరడిగారు. దోన్కో అంది. ఎవరి పిల్లవంటే ఎవరూ లేరంది.

మిగతా పిల్లలు బుట్టలు పారేసి ఏడుస్తూ ఊళ్ళోకి పరిగెత్తుకొచ్చి చెప్పేసరికి అరబా చేపలు తిరగేస్తోంది. చేపల్ని అలాగే పొయ్యి మీద వదిలేసి లేచింది. కుటుంబం తరఫున మాట్లాడాల్సిన అన్న తాటినూనె బేరానికి లోపలి ఊళ్ళకు పోయాడు. మొగుడు సముద్రం మీద ఉన్నాడు. అజువా ఒక్కతే వెంట వచ్చింది. ఇద్దరూ ఇసుకలో సగం నడుస్తూ, సగం పరిగెడుతూ సాయంత్రానికి పట్నం చేరారు. ఓడలకు మనుషుల్ని సమకూర్చే ఒటూ ఇల్లు అడిగితే ఎవరైనా చూపిస్తారు.

ఒటూ వరండాలో కూర్చుని పులిసిన జొన్నముద్ద తింటున్నాడు. పెరట్లోంచి చాలామంది గొంతులు వినిపిస్తున్నాయి.

"కూర్చోండమ్మా. దూరం నుంచొచ్చినట్టున్నారు" అన్నాడు.

అరబా కూర్చోలేదు. "అయ్యా, మీవాళ్ళు మా పిల్లని తెచ్చారు. చెంపల మీద గాట్లుంటాయి. బానిస కాదయ్యా, బతకడానికి పెట్టించిన గాట్లవి."

"నాకు తెలీదా? మా పిన్ని కొడుక్కీ అదే పేరు. పెళ్ళయి పిల్లలు పుట్టినా ఇంకా దోన్కో అనే పిలుస్తాం వాణ్ణి." ఒటూ చెయ్యి కడుక్కున్నాడు. "అయితే తల్లీ, ఇక్కడికొచ్చే ప్రతివాళ్ళూ అదే చెబుతారు. మొన్న వానల్లో ఒకావిడ ఇలాగే గుండెలు బాదుకుంటే నమ్మి, పిల్లాణ్ణి పంపించా. తీరా చూస్తే వాడు ఆవిడకేమీ కాడు. సరుకు తెచ్చినవాడు నా గుమ్మంలో కత్తి దూశాడు."

"మన మాటే మాట్లాడుతుంది కదయ్యా అది!" అంది అజువా.

పక్కనున్న కాపలావాడు నవ్వాడు. "తప్పించుకుపోయినదీ మీ మాటే మాట్లాడుద్ది. చిన్నప్పట్నించీ మీవాళ్ళింట్లోనే పెరిగింది."

"మీ అన్నని తీసుకురా అమ్మా. ఇంటి పెద్ద వచ్చి చెబితే నేను మారు మాట్లాడను. మన తీరంలో మంచి కుటుంబంలో పుట్టినదాన్ని అమ్మితే మన పెద్దలే నా ఇల్లు తగలబెడతారు."

"వస్తాడయ్యా. ఊళ్ళో లేడు. కొన్నాళ్ళు ఆగండి."

"నేను ఆగుతా. ఓడ ఆగుతుందా? అలలు తగ్గాయని పడవవాళ్ళు అప్పుడే కేకలేస్తున్నారు."

అప్పుడు అరబా ఆ మాట అంది. పిల్ల పుట్టినప్పటి నుంచీ గాలికైనా వినబడనివ్వని మాట. "అది నా కూతురు. నా కడుపున పుట్టింది. నాకున్నది అదొక్కతే." అనేసి, వెనక ఎవరో నిలబడి విన్నట్టు తిరిగి చూసింది.

ఒటూ పెరటి వైపు తిరిగాడు. "సరే. పిల్లనే అడుగుదాం. అమ్మా అందంటే ఈ క్షణం తీసుకుపో. ఇక్కడున్నవాళ్ళంతా సాక్ష్యం."

అరబాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తరవాత, ఒక్క క్షణం ఆలస్యంగా, పొయ్యి దగ్గరి ఆట గుర్తొచ్చింది.

దోన్కోను తీసుకొచ్చారు. మణికట్టు తాడుతో ఒరుసుకుపోయింది. తల్లిని చూడగానే మొహం వెలిగింది. వెంటనే చుట్టూ ఉన్న కొత్తవాళ్ళను చూసింది. ఇంతమంది కొత్తవాళ్ళను అది ఎప్పుడూ చూడలేదు. మొహంలో వెలుగు ఆర్పేసుకుంది.

"భయపడకు పాపా" అన్నాడు ఒటూ. "ఈవిడ నీకేమవుతుంది?"

"ఏమీ కాదు."

"కాదే తల్లీ!" అరబా మోకాళ్ళ మీద కూలబడింది. "ఇప్పుడు చెప్పొచ్చు. నేను మీ అమ్మనే. ఒక్కసారి అమ్మా అను."

పిల్ల పెదాలు బిగబట్టింది.

"ఇది ఆట కాదే. ఒట్టు. నేనే చెబుతున్నాగా, చెప్పెయ్. నిన్ను కొట్టను. చూడు, నిజంగా ఏడుస్తున్నా, చూడు."

"ఒసే పిచ్చిదానా!" అజువా ముందుకొచ్చి భుజాలు పట్టుకుని కుదిపింది. "నేనెవరే? పిన్నిని కానూ? పిన్నీ అనైనా అనవే!"

"ఎవరో నాకు తెలీదు" అంది దోన్కో. ఈసారి గట్టిగా, వరండా చివరున్నవాళ్ళకు కూడా వినబడేలా చెప్పింది. "నాకెవరూ లేరు. చెత్తకుప్ప మీద దొరికా."

అని, ఎవరూ గమనించకుండా తల్లి చేతివేళ్ళ వంక చూసింది. పొద్దున్నుంచి దానికి తిండి లేదు.

ఒటూకు అనుమానం రాలేదని చెప్పలేం. పిల్లకేసీ తల్లికేసీ మార్చి మార్చి చూశాడు. బయట పడవవాళ్ళు మళ్ళీ కేకేశారు. "పిల్ల నోటితోనే చెప్పింది. అందరూ విన్నారు" అని, కాపలావాడి వైపు చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయాడు.

ఒడ్డున అరబా పడవ అంచు పట్టుకుంది. పడవవాళ్ళలో ఒకడు మర్యాదగానే ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాడు. నడుం లోతు నీళ్ళలో అల వచ్చి కొట్టి పడేస్తే అజువా ఈడ్చి లేపింది. ఉప్పునీళ్ళకు కళ్ళు మండి అరబాకు ఏమీ కనబడటం లేదు. పడవ పెద్ద అలల్ని దాటుతోంది. తల్లి ఒడ్డునే ఉండిపోయిందని, తనను తీసుకుపోవడానికి రాదని పిల్లకు అప్పుడు అర్థమైనట్టుంది. లేచి నిలబడబోయింది. నోరు తెరిచింది.

"పిలిచిందా?" అని అడిగింది అరబా. "ఏమని పిలిచింది?"

"వినబడలేదక్కా" అంది అజువా. "అలల హోరు."

అన్న తిరిగొచ్చాక పట్నం వెళ్ళి పెద్దల్ని కూర్చోబెట్టాడు. ఒటూ ఒక గొర్రెనూ, ఒక పీపా సారానూ క్షమాపణగా పంపాడు. అన్న రెంటినీ తిప్పి పంపేశాడు. ఓడ ఎప్పుడో వెళ్ళిపోయింది.

అజువా నల్లటి శోకబట్టలు తెచ్చింది. "ఆడవాళ్ళు వస్తామంటున్నారక్కా, కూర్చుని ఏడుద్దాం" అంది.

అరబా బట్టల మూటను ముట్టుకోలేదు. "ఎవరు పోయారని?"

"అలా అనకే. బిడ్డ అటు పోయాక ఏడవకుండా ఎలా ఉంటావు?"

"మెల్లగా మాట్లాడు." అరబా గుమ్మం వైపు చూసింది. "ఆ ఓడ అడుగున మనుషుల్ని ఎలా కుక్కుతారో నువ్వూ విన్నావుగా. చావు రోజూ వాళ్ళ మధ్యే తిరుగుతూ ఉంటుంది. అందర్నీ అడుగుతుంది, నువ్వెవరి బిడ్డవని. దోన్కో సరిగ్గానే చెబుతుంది, ఎవరూ లేరని. నేనిక్కడ గుండెలు బాదుకుంటే దాని మాట అబద్ధమని తెలిసిపోదూ? ఆ రోజు ఒటూ గుమ్మంలో నోరు జారాను. దాన్ని ఎలా కప్పిపుచ్చాలో తెలియక చస్తున్నా."

అజువా బట్టలు తీసుకుని వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి ఎవరు పలకరించినా అరబా ఒకటే చెప్పేది. "ఆ పిల్లా? చెత్తకుప్ప మీద దొరికింది. ఎటో పోయింది. పీడ వదిలింది." సంతలో, బావి దగ్గర, నలుగురు ఉన్నచోట కావాలనే గొంతు పెంచి చెప్పేది. తెలిసినవాళ్ళు తల దించుకునేవారు. తెలియనివాళ్ళు చెవులు కొరుక్కునేవారు. కొన్నేళ్ళు గడిచేసరికి తెలిసినవాళ్ళకంటే తెలియనివాళ్ళే ఎక్కువయ్యారు.

ఒకసారి చేపలు కొనడానికొచ్చిన కోడలు వయసు పిల్ల, ఆ ఊరికి కొత్త, బుట్ట దించుతూ అడిగేసింది. "నీ దగ్గరున్న పిల్లని ఓడవాళ్ళకి అమ్మేశావటగా పెద్దమ్మా? నిజమేనా?"

పక్క పొయ్యి దగ్గరున్న అజువా చేతిలో పుల్ల కిందపడేసి లేచింది. అరబా చెల్లెలి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"నిజమే" అంది, సముద్రం వైపు తిరిగి, గట్టిగా. "నేనే అమ్మేశాను. నాకేమవుతుందది?"