పన్నెండుకి ఎక్కి రెండుకి దిగే విమానం

పార్లరక్కకి విమానమంటే హడల్. ఎంత మొండి జుట్టునైనా లొంగదీసే మనిషే గానీ, నిచ్చెన మూడో మెట్టెక్కితే చాలు, కళ్ళు తిరుగుతాయి. అలాంటి మనిషి విమానాశ్రయం దాకా వచ్చిందంటే అది మొగుడి నోటి చలవే.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. మరదలికి నలభై ఎనిమిదేళ్ళకి పెళ్ళి కుదిరిందని తెలియగానే టికెట్లు చూసి తేల్చేశాడు.

"పన్నెండుకి ఎక్కుతాం, రెండుకి దిగుతాం. రెండు గంటలే! నువ్వొక తలకి రంగేసేలోపు అక్కడుంటాం."

రెండు గంటలైతే పళ్ళ బిగువున ఓర్చుకోవచ్చులే అని ఒప్పుకుంది పాపం.

గేటు దగ్గర పక్క కుర్చీలో ఒక పెద్దాయన మెడకింద దిండు ఊదుకుంటున్నాడు. "రెండు గంటలకి దిండెందుకండీ!" అని నవ్వింది పార్లరక్క.

ఆయన నవ్వలేదు. "పద్నాలుగున్నర గంటలమ్మా. పన్నెండు వేల కిలోమీటర్ల పైమాటే. అక్కడి గడియారం మనకన్నా పన్నెండున్నర గంటలు వెనక. టికెట్టు మీద ఎక్కే టైము ఇక్కడిది, దిగే టైము అక్కడిది."

పార్లరక్క మెల్లిగా మొగుడి వైపు తిరిగింది.

"మా బస్సుల్లో ఈ గొడవ లేదే!" అన్నాడాయన బిక్కమొహం వేసి. "డిపోలో ఎంతయితే మార్కెట్లోనూ అంతే. రెండులోంచి పన్నెండు తీసేశా..."

"మీ లెక్క తగలెయ్య! నేనెక్కను గాక ఎక్కను." అక్కడికక్కడే చెల్లెలికి ఫోన్ చేసింది. "నా వల్ల కాదే తల్లీ. రాలేను. ఏమనుకోకు."

అవతలి నుంచి సన్నటి గొంతు వినిపించింది. "సరేలే అక్కా, బలవంతమేముంది. కింద షాపులో అమ్మాయి పెళ్ళి రోజు పొద్దున్న వస్తానంది. ముందు జుట్టు కురచగా కోసేసి, మిగతాదంతా ఉంగరాలు తిప్పుతుందట."

"ఉంగరాలా? నీ జుట్టుకా?"

గేటు దగ్గరున్న జనమంతా ఇటు చూశారు. అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఆ తల చిక్కు తీసింది తనే. ఎడమ చెవి వెనక సుడి ఉందనీ, అక్కడ కురచగా కోస్తే నిక్కబొడుచుకుంటుందనీ ఆ షాపు పిల్లకేం తెలుసు?

"కత్తెర తాకనిచ్చావో, నా చేతిలో అయిపోతావ్! వస్తున్నా. ఏడుస్తున్నావా?"

"లేదు," అంది చెల్లెలు వెక్కుతూ.

పార్లరక్క లేచింది. వెళ్ళి లైన్లో నిలబడింది. మొగుడు మాత్రం కుర్చీకి అతుక్కుపోయి, సంచి కావిలించుకుని చెమటలు కక్కుతున్నాడు.

"లేవండీ!"

"నీకెప్పుడూ చెప్పలేదు గానీ... స్టీరింగు నా చేతిలో లేకపోతే నాకు పైప్రాణాలు పైనే పోతాయే. రెండు గంటలేగా అని బింకంగా వచ్చా. నువ్వెళ్ళిరా."

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఈయనకీ భయముంటుందని ఇవాళే తెలిసింది. ఆవిడకి నవ్వూ వచ్చింది, ఎక్కడలేని ప్రేమా ముంచుకొచ్చింది. రెక్క పట్టి లేపింది, నడిపించుకెళ్ళి సీట్లో కూలేసి బెల్టు బిగించింది. పార్లర్లో జుట్టు కోయించుకోనని గింజుకునే పిల్లల్ని పట్టినట్టు ఆయన తల తన భుజానికి అదిమి పట్టుకుంది.

"కళ్ళు మూసుకోండి. కదలకండి. అయిపోవచ్చింది, ఇంకొంచెమే," అంది.

విమానం తలుపులింకా వెయ్యనేలేదు.