కోతి పక్కన ఖాళీ

గడప దాటిన జకరయ్య గొడుగు కోసం వెనక్కి వచ్చాడు. గొడుగు తీసుకుని వీధి మలుపు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చాడు, ఈసారి కళ్ళజోడు కోసం. రెబెక్కమ్మ కుట్టుమిషను దగ్గర నుంచి లేవకుండానే కళ్ళజోడు పట్టుకున్న చెయ్యి గుమ్మం వైపు చాపింది.

“ఈ రోజు చేపల పాఠమా?” అంది.

“నీకెవరు జెప్పినారు?”

“రెండు మాట్లు వెనక్కి వచ్చినారు గదా. ఆ పాఠం రోజు ఎప్పుడూ ఇంతే.”

జకరయ్య కళ్ళజోడు తుడుచుకుని వెళ్ళాడు. పొట్టి మనిషి. మెడ దాకా బొత్తాలు పెట్టిన చొక్కా, పొట్ట మీదికి లాగి కట్టిన ప్యాంటు, జేబులో ఎర్రపెన్ను ఒకటి, నీలంపెన్ను ఒకటి. కుడి బొటనవేలి గోటి సందులో సుద్దపొడి ఎప్పుడూ ఉంటుంది, ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు కూడా. సముద్రం పక్కన ఉన్న హైస్కూల్లో జీవశాస్త్రం మాస్టరు. ఉత్తమ ఉపాధ్యాయుడి శాలువా ఆయన భుజం మీద ఎన్నడూ పడలేదు. హెడ్మాస్టరు ప్రమోషను వస్తే దూరం వేస్తారని భయపడి తనే వద్దనుకున్నాడు. ఈ నెలాఖరుకి రిటైరవుతాడు. బడిలో దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు, ఆయనకూ అదే బాగుంది. ఒక్క కోరిక మాత్రం మిగిలింది. వెళ్ళేలోపల జీవపరిణామం పాఠం ఇంకొక్కసారి చెప్పాలి.

చిక్కేమిటంటే ఆ పాఠం ఇప్పుడు పుస్తకంలో లేదు. పదో తరగతి పుస్తకం మారింది. అనువంశికత ఉంది, పరిణామం పోయింది. నిరుడు ఆయన బుద్ధిగా పుస్తకంలో ఉన్నంత మటుకే చెప్పి ఊరుకున్నాడు. ఇంటికి తాళం వేశానా లేదా అన్న అనుమానం లాంటిది ఒకటి ఏడాదంతా వెంటాడింది.

మైపాడు బస్సులో డ్రైవరు వెనక సీటు ఖాళీగా దొరికింది. నాలుగు రోజుల ముసురు ఆ పొద్దే తెరిపిచ్చింది. వరి పొలాలు దాటాక రొయ్యల గుంటలు మొదలయ్యాయి, గుంటల్లో చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆయన చేరిన కొత్తలో ఇవన్నీ పొలాలే. బస్సులో చేపల బుట్టలతో ఆడవాళ్ళు ఎక్కేవాళ్ళు, పక్కన కూర్చున్నవాడి చొక్కాకు సాయంత్రం దాకా ఆ వాసన ఉండేది. అప్పుడు విసుక్కునేవాడు. ఇప్పుడు ఆ వాసన వస్తే బాగుండునని కిటికీ వైపు జరిగాడు.

ఆ కొత్తలోనే పరిణామం పాఠానికి పటం కావలసి వచ్చింది. బడిలో లేదు. రెబెక్కమ్మకు బొమ్మలు వచ్చు, సండేస్కూలు పిల్లల కోసం నోవహు ఓడ, ఏదెను తోట గుడ్డల మీద వేసేది. ఆమె తెల్లటి లాంక్లాత్ గుడ్డ ఒకటి చింపి నేలమీద పరుచుకుని కూర్చుంది. పుస్తకంలో ఉన్న చేప ఆమెకు నచ్చలేదు.

“ఇదేం చేప. మన ఉప్పుకాలవ కాడ బురద మీద గెంతేది వేస్తా,” అంది.

తర్వాత కప్ప, తొండ, కొంగ, కోతి వేసింది. అవన్నీ నోవహు ఓడలోంచి దిగివచ్చినవే. అదే కుంచె, అవే రంగులు. ఇలా ఒకే వరసలో నిలబెట్టడం తప్పనీ, చెట్టుకొమ్మల్లా చీల్చి వెయ్యాలనీ జకరయ్యకు తర్వాత తెలిసింది. ఆ తప్పు ఏటా పిల్లలకు ముందుగానే చెప్పేసేవాడు. అసలు చిక్కు కోతి దగ్గర వచ్చింది. కోతి తోక పూర్తిచేసి ఆమె కుంచె కడిగేసింది.

“మనిషిని నేను వెయ్యను. వాణ్ణి దేవుడు మట్టితో చేసినాడు. కోతి పక్కన నిలబెట్టి, ఆదివారం పిల్లకాయలకు నేను ఏం మొహం చూపించేది?”

జకరయ్య వాదించలేదు. ఆయనా చర్చిలో కానుకల సంచి పట్టేవాడే. తనలోనే తేలని సంగతి పెళ్ళాంతో ఏం తేలుస్తాడు. మిగిలిన చోటులో తనే వేసుకుందామని గుడ్డను బడికి పట్టుకుపోయాడు. తనకు బొమ్మలు రావన్న విషయం కుంచె ముంచాక గుర్తొచ్చింది.

ఆ వారమే తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. పటం చూసి, “మనిషేడయ్యా?” అన్నాడు. ముందు బల్ల మీది పిల్లను రెక్క పట్టుకుని లేపి, కోతి పక్కన గుడ్డకు ఆనించి నిలబెట్టాడు. “ఇదిగో సార్,” అన్నాడు. అధికారి నవ్వి వెళ్ళిపోయాడు. దిక్కుతోచక చేసిన పని ఆ మరుసటేటికి ఆచారమైంది. ఆ ఖాళీలో నిలబడ్డానికి పిల్లలు కొట్టుకునేవాళ్ళు, అందుకని అందర్నీ ఒకరి తర్వాత ఒకరిని నిలబెట్టేవాడు. ఆదివారం ఆ బడి ఊరి చర్చిలో రెబెక్కమ్మ దగ్గర ఆదాము హవ్వల కథ విన్న పిల్లలే సోమవారం ఈయన దగ్గర చేప గట్టెక్కిన కథ వినేవాళ్ళు. దాంతో పిల్లలకు ఇబ్బందేమీ ఉన్నట్టు కనిపించలేదు. ఇబ్బందంతా పెద్దవాళ్ళకే.

ఆ పాఠం చెప్పిన సాయంత్రం ఇంటికి వచ్చి, “ఇప్పుడన్నా వేస్తావా?” అని భార్యను అడగడం కూడా ఆచారమే. ఆమె వెయ్యనంటుంది. ఆయన కాఫీ తాగుతాడు.

హెడ్మాస్టరు గదిలో కరుణాకుమారి ఏవో కాగితాల మీద సంతకాలు పెడుతోంది. ఆనాడు రెక్క పట్టుకుని లేపిన పిల్ల ఆమే. ఇప్పుడు జుట్టు నెరిసింది. ఆయన వచ్చిన పని చెప్పాక ఆమె పెన్ను కింద పెట్టింది.

“అది సిలబస్‌లో లేదు గదా సార్.”

“తెలుసు మేడమ్.”

“పరీక్షలు నెత్తిమీదికొచ్చినాయి. ఆ పిరియడ్‌లో లెక్కలు చెప్పిస్తే ఇంకో ఇద్దరు గట్టెక్కుతారు. ఈ నాలుగు రోజులూ మీరు కుదురుగా కూర్చోండి సార్, ఎవరేమంటారు?”

జకరయ్య గొడుగు గుండీ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. బయటికి వెళ్ళబోయి ఆగాడు. ఆమె ఆ కుర్చీలో కూర్చున్నాక ఎన్నడూ పిలవని పేరు పెట్టి పిలిచాడు.

“కరుణా, ఆ రోజు ఆడ నిలబడితే నీకేమనిపించింది?”

ఆమె ముందున్న ఫైలు మూసేసింది.

“కోతి రంగు సరిగ్గా ఆరలేదు సార్. నా జాకెట్టుకు అంటుకుంటే మా అమ్మ తిట్టింది. నేను కూడా ఆ వరసలో ఉండానమ్మా అని చెప్పినా ఆమెతో.” కాగితాలు సర్దుకుంటూ అంది, “అన్నాల బెల్లుకు ముందు ఆటల పిరియడ్ ఉంది. తీసుకోండి సార్.”

బీరువా వెనకనుంచి చుట్టిన గుడ్డ తీసుకుని తరగతికి వెళితే ఇంకో చిక్కు. పటం తగిలించే మేకు ఉన్న చోట ఇప్పుడు పెద్ద టీవీ ఉంది. జకరయ్య పిల్లల్ని వరండాలోకి తీసుకొచ్చాడు. మరపడవ నడిపే వాళ్ళ ఇంటి కుర్రాడు పెంచలకృష్ణ గుడ్డ కొసలకు వలతాడు వేసి, రెండు స్తంభాలకు బిగించి కట్టాడు.

“ఉప్పుకాలవ కాడ బురదలో గెంతే చేపను ఎవరెవరు చూసినార్రా?”

చేతులన్నీ లేచాయి. ఏటా లేస్తాయి. అక్కడినుంచి ఆయనకు పుస్తకంతో పనిలేదు. ఆ చేప రెక్కల మీద ఎలా మోచేతులు ఆనించుకుంటుందో వరండాలో ఉన్న బల్ల మీద వాలి చూపించాడు. పిల్లలు పడిపడి నవ్వారు. ఆ చేప మనకు తాత కాదనీ, అది కూడా మనలాగే ఈనాటిదనీ, అలాంటిదే మరొకటి మన ఊహకు అందనంత కాలం కింద గట్టు పట్టిందనీ చెప్పాడు.

“నీళ్ళలో బాగానే ఉండాది గదా సార్. బయటికెందుకు వచ్చింది?” అన్నాడు పెంచలకృష్ణ.

“వద్దామనుకుని రాలేదురా. నీళ్ళు ఇంకిపోయినప్పుడు బురదలో కాసేపు తట్టుకోగలిగినవి బతికినాయి, పిల్లల్ని పెట్టినాయి. ఆ పిల్లల్లో ఇంకాస్త తట్టుకునేవి బతికినాయి. అట్టా ఎన్ని తరాలో. తొందరేం లేదు దానికి.”

కోతి దాకా వచ్చి ఆగాడు. పిల్లలు ఆ ఖాళీ వైపు చూశారు. ఈ సంగతి అన్నలూ అక్కలూ చెబితే విన్నవాళ్ళే. ముందుగా సండేస్కూలుకు వెళ్ళే కెజియాను పిలిచాడు. ఆ పిల్ల కదల్లేదు.

“రెబెక్కమ్మ టీచర్ ఏమంటారో సార్.”

“ఏమీ అనదు. ఆ చోటు నీకోసం వదిలిపెట్టింది ఆమే గదా.”

కెజియా వెళ్ళి వీపు ఆనించి నిలబడింది. తర్వాత పెంచలకృష్ణ. తర్వాత అందరూ. చివరి పిల్ల పక్కకు తప్పుకున్నప్పుడు గుడ్డ మీద ఎండ నేరుగా పడింది. తరగతి గది మసక వెలుతురులో ఇన్నేళ్ళూ కనిపించనిది అప్పుడు కనిపించింది. కోతి పక్కన ఖాళీ, ఖాళీగా లేదు. తలల నూనె ఆనిన చోట గుండ్రంగా, భుజాల చెమట ఆనిన చోట వెడల్పుగా, కింద చేతులు రుద్దుకున్న చోట పలచగా, తేనెరంగు మరక ఒకటి నిలబడి ఉంది. జకరయ్య కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే పిల్లలకు కనపడకుండా స్తంభం వైపు తిరిగాడు.

వరండా చివర నిలబడి కరుణాకుమారి చూస్తోంది. ఆ రోజు అన్నాల బెల్లు కాస్త ఆలస్యంగా మోగింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి రెబెక్కమ్మ మిషను మూసి పొయ్యి దగ్గర ఉంది. జకరయ్య చెప్పులు విడిచి, వసారాలో పడక్కుర్చీలో కూర్చుని చొక్కా పైబొత్తాం తీసుకున్నాడు. అలసటగా ఉంది. బాగానే ఉంది కూడా.

“చెప్పినారా పాఠం?” అంది లోపల్నించి.

“చెప్పినా. నెలాఖరుకు ఆ గుడ్డ ఇంటికి తెస్తా. నీకు చూపించాల్సింది ఒకటి ఉండాది దాంట్లో.”

“ఏందది?”

“చెబితే బాగుండదు. చూద్దువులే.” లోపలికి వినపడేలా అడిగాడు, “ఇప్పుడన్నా వేస్తావా?”

“నా కళ్ళకు పొర వచ్చె. ఇప్పుడు మనిషిని వేసినా కోతే వస్తది.”

ఆయన గట్టిగా నవ్వడం ఆమెకు వినిపించింది. పాలు పొంగుతుంటే మంట తగ్గించింది. కాఫీ తెచ్చి, “ఇదిగో, తీసుకోండి,” అంటూ చెయ్యి చాపింది. చెయ్యి చాపే ఉంది. ఆయన తల కుర్చీకి ఆనించి, ఆ నవ్వు ఇంకా పూర్తికానట్టుగా ఉన్నాడు. ఆమె గ్లాసు కింద పెట్టి ఆయన ముఖం నిమిరింది. తర్వాత సుద్దపొడి ఉన్న ఆ బొటనవేలు తన అరచేతిలోకి తీసుకుని, ఎవరినీ పిలవకుండా చాలాసేపు కూర్చుంది.

నెలాఖరున కరుణాకుమారి గుడ్డ పట్టుకుని ఆ ఇంటికి వచ్చింది. రెబెక్కమ్మ దాన్ని గుమ్మం వెలుగులో పరచమని చెప్పి పక్కన కూర్చుంది. బడికి ఆమె ఎన్నడూ వెళ్ళలేదు, వేసిననాటి తర్వాత దాన్ని చూడటం ఇదే. వేళ్ళతో తన చేపను తడిమింది, కప్పను, తొండను, కొంగను తడిమింది. కోతి దాటాక వేళ్ళు ఆగాయి. ముఖం దగ్గరగా పెట్టి చూసింది. కొబ్బరినూనె వాసన వచ్చింది.

“ఇది ఎవరు వేసినారమ్మా?”

“ఎవరూ వెయ్యలేదు టీచర్. పిల్లకాయలం నిలబడి నిలబడి అట్టా అయింది.”

“దీన్నా ఆయన చూపిస్తానన్నది,” అంది రెబెక్కమ్మ. అప్పుడు ఏడ్చింది, సమాధి దగ్గర ఏడవనంతగా. కళ్ళు తుడుచుకున్నాక గుడ్డను తనే చుట్టి కరుణాకుమారి ఒళ్ళో పెట్టింది.

“ఇంట్లో ఎవరు నిలబడతారమ్మా. బడికే పట్టకపొండి. ఉతకమాకండి దీన్ని.”

ఆ గుడ్డ ఇప్పుడు బడి వరండాలో రెండు స్తంభాల మధ్య, పెంచలకృష్ణ మళ్ళీ వేసిన ముడులతో ఉంది. సముద్రపు గాలికి చేప కాస్త కదులుతుంది, కోతి కదులుతుంది, దాని పక్కన నూనె మరక పిల్లవాడి ఎత్తున నిలబడి ఉంటుంది.