ఎడారికి వెళ్ళే బండి

జామ్ సీసాల మధ్య తువ్వాళ్ళు కుక్కాలి. లేకపోతే మొదటి మలుపులోనే గలగలమని ప్రాణం తీస్తాయి. బయట ఉత్తర అమెరికా చలినేల మైనాట్ ఊరి మీద తొలిమంచు పడుతుంటే, వాకిట్లో నిలిపిన ఆర్వీలో, ఆ చక్రాల మీది ఇంట్లో, మార్లిస్ సామాను సర్దుతోంది.

ఏటా చలికాలమంతా దక్షిణాన అరిజోనా ఎడారిలో గడపడం ఆమెకీ, భర్త వెర్లిన్‌కీ అలవాటు. అందరూ దాన్ని వెర్లిన్ యాత్ర అంటారు. నడిపేది అతనే కదా! వంటా, అంట్లూ, నీళ్ళు పొదుపు చెయ్యడం, మురుగు ట్యాంకు నిండకుండా కనిపెట్టుకోవడం, ఇవన్నీ ఏ లెక్కలోకీ రావు. పక్క బండ్లవాళ్ళు కాఫీకి వస్తే, "మా ఆవిడకి ఇక్కడ పూర్తి విశ్రాంతి" అనేవాడు. ఆ మాట వింటూ ఆమె వాళ్ళ కప్పులు కడిగేది. అయినా ఆ ఎడారంటే ఆమెకి ప్రాణం. పొద్దు వాలుతుంటే, నాగజెముళ్ళ నీడలు సాగుతుంటే, ఎవరూ పిలవని ఆ కాసేపు తను ఎవరి భార్యా కాదు, ఎవరి తల్లీ కాదు. ఆ కాసేపటి కోసమే మిగతా ఏడాదిని ఈడ్చుకొచ్చేది.

వెర్లిన్ తలుపు తీశాడు. "ఇంకా సర్దుతున్నావా? నన్ను దూరాలు నడపొద్దని కంటిడాక్టరు నిన్ననేగా చెప్పాడు!"

"నేను నడుపుతాను. పెళ్ళికి ముందు మా నాన్న గోధుమ లారీ నడిపిందాన్నే."

అతను పడీపడీ నవ్వాడు. "అదెప్పటి మాట! నువ్వు స్టీరింగ్ పట్టుకుంటే నేను బండెక్కను. ఈ ఏడు ఎడారీ లేదు, గిడారీ లేదు. సామాను దించెయ్."

మార్లిస్ అతని మడతకుర్చీ దించింది. బూట్లు, చేపల గాలాలు, మాత్రల డబ్బా, అతనికి తప్ప ఎవరికీ నచ్చని ఆ చేదు కాఫీపొడి, అన్నీ ఒక్కొక్కటే మోసుకెళ్ళి వంటింటి బల్ల మీద పెట్టింది. తన మాటే నెగ్గిందనుకుని వెర్లిన్ స్టవ్ పక్కన తీరిగ్గా కూర్చున్నాడు.

"మీ అక్కకి ఫోన్ చేశాను. రోజూ వచ్చి చూసి వెళ్తానంది," అంటూ మార్లిస్ తన కోటు బొత్తాలు పెట్టుకుంది.

"ఎందుకూ? అయినా మిగతా సామాను దించవేం?"

"మిగతాది నాది, వెర్లిన్. బండి తాళం ఇటివ్వు."